అమాస కూడు

ఎవరు పాపా, సుబ్బరాయుడా? ఆ పేరు నీకెట్ల తెలిసింది? మీ తాత అంటాండాడా, నిద్దట్లోనా? ఏమంటాండాడు, ఉన్నదున్నట్టు చెప్పు. "చెప్తా మామా, రేపు చెప్తా" అనా? ఇంగేమీ అనలేదా? అంతేనా. ఊఁ. కూచో శిరీషా, ఆ కొన తడిగా ఉంది, ఇట్ల జరుగు. నీ లాప్‌టాపు సంచిలో పెట్టుకో, తుంపర పడుతాంది. మీటింగేమన్నా ఉందా? లేదంటే సరే. మీ తాత దిగొచ్చేదానికి ఇంగా సేపుంది. మజ్జిగ కలుపుకొని, ఫ్లాస్కులో పోసుకొని, లిఫ్టు కాడికి వచ్చినాక ఫ్లాస్కు మర్చిపోయినానని మళ్లీ పోయి, అప్పుడు గదా వచ్చేది. డాక్టరు ఏమన్నాడు మొన్న? కొత్తవి ముందు పోతాయి, పాతవి కొన్నాళ్లుంటాయి అన్నాడా? అవి కూడా పోతాయంట గదా పోను పోను. మొన్న ఇదే బెంచీ మీద కూచుని నన్ను "మీదే ఊరన్నా?" అని అడిగినాడు పాపా. నవ్వులాటకు అంటాండాడేమో అనుకుంటి. కాదు. నాకు భయమైంది. నిజంగా భయమైంది. ఎందుకంటే... ఉండు, నువ్వడిగింది సుబ్బరాయుడు గురించి గదా.

సుబ్బరాయుడు మామ అంటే నాకు వరసకు మామ గాదు, ఊరంతా మామా అనే పిలుస్తాండ్రి. మన ఎర్రవంకపల్లెలో అప్పుడు రెండిండ్లు. ఎగువిల్లు, దిగువిల్లు. రెండూ పెద్ద మిద్దెలు. మిగతా ఊరంతా అయితే ఎగువింటి పక్క ఉండాల, లేకుంటే దిగువింటి పక్క ఉండాల. మేము ఎగువింటోళ్ల పక్క, మీ తాతోళ్లు దిగువింటోళ్ల పక్క. అదేమీ ఇప్పుడు మనసులో పెట్టుకోవద్దు. సుబ్బరాయుడు మామ ఒక్కడే నడిమధ్య ఉండ్య. ఎట్లంటే, కొట్లాటలు ముదిరేటప్పుడు ఆయప్ప ఊర్లో లేడు, మిలిటరీలో ఉండ్య. తుపాకీ పని గాదు, వంట. డెబ్బై ఒకటి యుద్ధం అయిపోయినాక అవతలోళ్ల సైనికులను ఖైదీలుగా తెచ్చి పెట్టింటే, వాళ్లకు రొట్టెలు కాల్చే పని ఈయప్పకు పడిందంట. ఆ కథ ఎంత బాగా చెప్తాండ్యనో! కండ్లు మూసుకునేటోడు చెప్పేటప్పుడు. "ఒరే మద్దిలేటీ, మొదటి రోజు వాళ్లు నా చేతి రొట్టె ముట్టలేదురా. విషం పెట్టినానేమోనని. నేనే ఒక తునక తుంచి నోట్లో ఏసుకుంటి. అప్పుడు తిన్నారు. కొన్నాళ్లు పోయినాక అందులో ఒకాయప్ప వాళ్లమ్మ చేసే రొట్టె తలుచుకొని నా ముందరే ఏడ్చినాడురా. మనమేంది, ఒకే వంకలో నీళ్లు తాగేటోళ్లం, మనకు చేత గాదా?" అనేటోడు. మిలిటరీ నుంచి వచ్చేటోళ్లు రేడియో తెస్తారు, ట్రంకుపెట్టె తెస్తారు, రమ్ము సీసాలు తెస్తారు. ఈయప్ప ఈ పిచ్చి తెచ్చినాడు.

చూడు, ఆ మబ్బు చూడు. గండిపేట చెరువు మీద నుంచి వస్తాంది. ఇంగ కాసేపట్లో ఆ కోకాపేట టవర్లన్నిటికీ నడుము దాకానే ఉంటుంది, తలకాయలుండవు. ఈ పొద్దుగుంకే టైములో ఈడ కూచుంటే ఏది ఈ ఊరో ఏది ఆ ఊరో నాకు తెలీకుండా పోతుంది పాపా. ఆ మబ్బులో మా వంక కనపడుతుంది. ఇసుకలో చెలమ తోడుకొని బిందె నింపుకుంటాండే ఆడోళ్లు కనపడతారు. మా నాగన్న కనపడతాడు, మా అన్న, ఎద్దులకు నీళ్లు చూపిచ్చుకొని వస్తాండినట్టు. కోకాపేట ఆకాశంలో మా ఎద్దులు! ఇంగ సాయిలు వస్తాడు చూడు, సెక్యూరిటీ సాయిలు, "ఏంది తాతా, గిట్ల వానల కూసున్నవ్, జర లోపటికి నడువ్, సర్ది జేస్తది" అని. ఆయప్పది ఈ ఊరే. ఆ స్విమ్మింగ్‌పూలు ఉన్నకాడ వాళ్లకు జొన్నచేను ఉండెనంట. ఆయప్పకు ఈ మబ్బులో జొన్నచేను కనపడుతుందేమో, అడగల్ల ఒకసారి.

ఏం చెప్తాంటి? ఆఁ, వాకిలి చెప్పల్ల ముందు. క్లబ్‌హౌసులో గోడకు ఆనించి పెట్టినారే పాత టేకు వాకిలి, ఇత్తడి బుడిపెల తలుపులది, మీ పిల్లోళ్లంతా దాని ముందర నిలబడి ఫోటోలు దిగుతారే. అది మా ఇంటిది. నగుతావేంది, నిజం. మా కాడ ఒక చెడ్డ అలవాటు ఉండ్య. ఎవరినన్నా ఊర్నుంచి తరిమేస్తే వాళ్ల ఇల్లు కాల్చరు, కూల్చరు. వాకిలి పెరికి తీసకపోయి తమ ఇంటికి పెట్టుకుంటారు. వాకిలి లేని ఇంట్లో ఇంగ దీపం పెట్టరు గదా. నాగన్న పోయినాక మేము పక్కూరికి పోయి తలదాచుకుంటే, మా వాకిలి దిగువింటికి పోయింది. మరి ఇప్పుడు దిగువింటి మనవడు, ఎగువింటి మనవడు పార్ట్‌నర్లు అయినారు, ఇద్దరూ కలిసి ఈ టవరు కట్టినారు, మన ఊరోళ్లమంతా తెలిసినోళ్లని ఈన్నే ఫ్లాట్లు తీసుకుంటిమి. ఎవరో డిజైనరు పాత వాకిలి ఉంటే అందంగా ఉంటుందని చెప్తే ఊర్నుంచి లారీలో తెప్పిచ్చినారు. ఎడమ రెక్క మీద కింద ఒక గాటు ఉంటుంది చూడు. చిన్నప్పుడు నన్ను నిలబెట్టి నా ఎత్తుకు నాగన్న కొడవలితో గీసిన గాటు. రోజూ పోయి దాని మీద చెయ్యి పెట్టొస్తా. "ముట్టకు తాతా, పాలిష్ పోతది" అంటాడు సాయిలు. పోతే పోనీ.

నాగన్నను ఎవరు చంపినారనా? వంక కాడ పట్టుకున్నారు. మా అమ్మ గట్టు మీద గడ్డి కోస్తాండ్య. భాగ్యమ్మ మా అమ్మ పేరు. కొందరు పట్టుకున్నారు, ఒకడు కొట్టినాడు. ఆ కొట్టినోడు పిల్లోడు పాపా, నా ఈడోడే, మీసం కూడా సరిగ్గా రాలేదు. దిగువింటోళ్లు కొడవలి చేతికిచ్చి పొమ్మన్నారు, పోయినాడు. పోకుంటే వానింటి వాకిలి పోతుంది గదా. మా అమ్మ వాన్ని చూసింది, వాడు మా అమ్మను చూసినాడు. పేరా? పేరెందుకులే. తర్వాత మావోళ్లు ఊరకుంటారా, అట్నుంచి ఇద్దరు పోయినారు, మళ్లీ ఇట్నుంచి ఒకరు. చివరికి పీనుగను మోసేదానికి మనుషులు కరువై, ఆడోళ్లే భుజం పట్టిన రోజు కూడా ఉంది.

అట్లాంటప్పుడు వచ్చినాడు సుబ్బరాయుడు మామ, తెల్ల పంచె, కాళ్లకు మిలిటరీ బూట్లు. ఇల్లిల్లూ తిరిగినాడు. మా కాడికి పక్కూరికి నడుచుకుంటా వచ్చినాడు. మా అమ్మ ముందర గొంతుకు కూచుని, "అక్కా, పోలీసులు, కోర్టులు, వాటితో నాకు పని లేదు. వానికి ఉరేస్తే నీ కొడుకు రాడు. కానీ వాడు నీ ముందరకొచ్చి, ఊరందరి ముందర, వాని ఇంటోళ్లు, ఆ ఇంటి పిల్లోళ్లు వింటాండంగా, నేనే చంపినాను అని నోటితో చెప్పాల. తీసకపోయిన వాకిండ్లు ఎవరివి వాళ్లకు తెచ్చి బిగించాల. ప్రతి అమాసకూ రెండు పక్కలోళ్లూ ఒక్కకాడ కూడు తినాల, ఇటోళ్లకు అటోళ్లు వడ్డించాల. అది జరిపిస్తా, నా మాట నమ్ము" అన్నాడు. అమాస ఎందుకంటే ఆ రోజు మడకలు కట్టరు, దున్నే పని ఉండదు, అందరూ ఇండ్లకాడే ఉంటారు. మా అమ్మ ఆయప్ప మొహం చూసి చూసి, "అంతమంది ముందర చెప్తాడా వాడు?" అనింది. "చెప్తాడు." "చెప్తే చాలు నాకు" అనింది. నేను పక్కనుంటి, ఉడుకు రక్తం. "పిల్లోళ్ల ముందర చెప్పాల్సిందే, చాటుగా చెప్తే మేమొప్పుకోం" అని నేను కూడా ఒక కేక ఏసినా. నన్ను చూసి నవ్వినాడు మామ, "నువ్వు నాకంటే గట్టోనివిరా మద్దిలేటీ" అన్నాడు.

ఊర్లో చిన్న ఇండ్లోళ్లంతా సరే అన్నారు పాపా. అందరికీ విసుగొచ్చింది చావుల్తో. ఇంగ పెద్దిండ్లు రెండు మిగిలినాయి. వాళ్లకు కూడా రాజీ కావాల్నే, ఎందుకో తెలుసా? ఎలక్షన్లు వస్తాండాయి. టౌను నుంచి లీడరు వచ్చినాడు, రెండు పక్కల ఓట్లూ ఆయప్పకే కావాల. కాలవ కాడ బంగళాలో కూచున్నారు. ఎగువింటాయప్ప, దిగువింటాయప్ప, లీడరు. సుబ్బరాయుడు మామను వరండాలో బల్ల మీద కూచోబెట్టినారు. రాజీ ఎవరిది? ఈయప్పది. లోపల మాట్లాడేదెవరు? వాళ్లు. టీలు లోపలికి పోతాండాయి, నవ్వులు బయటికి వస్తాండాయి. సర్పంచు ఒకరికి, కాలవ కాంట్రాక్టు ఒకరికి, కేసులన్నీ రెండు పక్కలా కొట్టేయించుకునేది. అంతా అయిపోయినాక ఈయప్పను లోపలికి పిలిచినారు, రాజీ ఖాయమని టెంకాయ కొట్టేదానికి. మామ కొట్టనన్నాడు. "వాకిండ్లు?" అన్నాడు. దిగువింటాయప్ప, "వాకిండ్లు మా గోడల్లో సిమెంటు పెట్టి బిగించుకున్నాం సుబ్బరాయుడూ, ఇప్పుడు పెరికితే మా గోడలు పడవా?" అని నవ్వినాడంట. "చంపినోళ్లు చెప్పేది?" అంటే లీడరు, "నీకేమన్నా మతి ఉందా? నోటితో ఒప్పుకుంటే కేసు బతుకుతుంది. ఎవరూ ఏమీ చేయలేదు, ఎవరూ ఏమీ చూడలేదు, అదే రాజీ. నీకు ఊరు కావాల్నా, నీ మాట కావాల్నా?" అన్నాడంట. చూడు, ఎట్లడిగినాడో. ఇది కాదంటే రేపే మళ్లీ వంకలో ఎవడో ఒకడు పడతాడు. మామకు తెలుసు. అయినా వదల్లేదు. పొద్దున కూచున్నోడు పొద్దుగుంకే దాకా ఒక్కొక్కటే ఇచ్చుకుంటా వచ్చినాడు. వాకిండ్లు ఇచ్చేసినాడు. నోటి మాట ఇచ్చేసినాడు. చివరికి అమాస కూడు ఒక్కటి మాత్రం గట్టిగా పట్టుకున్నాడు. "అది ఒప్పుకుంటే టెంకాయ కొడతా" అన్నాడు. వాళ్లకేంది, కూడే గదా. ఒప్పుకున్నారు. ఆయప్ప నమ్మకమేందంటే, ఒకరి చేతి కూడు ఒకరు తింటా ఉంటే మిగతావన్నీ ఆ విస్తరాకు కాడికే వస్తాయని. టెంకాయ కొట్టినాడు.

ఆ పొద్దు మా కాడికి వచ్చినప్పుడు బూట్లు లేవు కాళ్లకు. ఎందుకు విప్పినాడో ఏమో. "అక్కా, నీకిచ్చిన మాట తప్పినా" అన్నాడు.  మా అమ్మ, "సుబ్బరాయుడూ, నా కొడుకును ఎవరు చంపినారో నాకు తెలుసు. నాకు తెలుసని వానికి తెలుసు. ఇద్దరికీ తెలిసిన మాట చెప్పేదానికి అంత కష్టమేంది?" అని అడిగింది.  కోర్టులో మా అమ్మ "నేనెవర్నీ చూడలేదు సామీ" అని చెప్పింది. ఆయమ్మ జన్మలో చెప్పిన అబద్ధం అదొక్కటే. బస్సులో ఇంటికి వస్తాంటే కొంగు నోట్లో కుక్కుకొని కూచునింది. నాకు సుబ్బరాయుడు మామ మీద ఎంత కోపమొచ్చిందో చెప్పలేను పాపా. ఆయప్పను కొట్టి చంపాలనిపించింది. మా అమ్మతో అబద్ధం చెప్పించినాడు గదా.

ఇంగ మొదటి అమాస. మామ తెల్లారకముందే పొయ్యి పెట్టినాడు. సంగటి, ఊరిబిండి పచ్చడి, చిక్కటి మజ్జిగ. పిండిరుబ్బే రాళ్ల కాడ చింతచెట్ల నీడలో విస్తరాకులు పరిచినాడు. ఒక్కరు రాలేదు. పెద్దిండ్లోళ్లు ఎట్లాగూ రారు. చిన్నోళ్లు కూడా, ముందు వాళ్లు పోనీ అని వీళ్లు, వీళ్లు పోనీ అని వాళ్లు. రాజీ అయినాక ఊర్లోకి తిరిగొచ్చింటిమి గానీ మేము కూడా పోలేదు, నేనే పోనీలేదు మా అమ్మను. ఆ ఎండలో ఒట్టి కాళ్లతో తిరిగినాడు ఆయప్ప. ఎగువ వీధి, దిగువ వీధి, చుట్టూ కొట్టాలు. "రండప్పా, సంగటి ఆరిపోతాంది, రండి." ఆ కేక ఇప్పటికీ వినపడుతుంది నాకు, ఈ లిఫ్టు గంట మోగినప్పుడు కూడా. మిట్టమధ్యాన్నం దిగువ వీధి మలుపులో పడిపోయినాడు. పక్షవాతం. కుడిపక్క అంతా పోయింది, నాలుక పోయింది. ఊరికి మాటలు నేర్పడానికి వచ్చినోనికి మాట లేకపాయ.

ఆడ నుంచి అంతా వెంకటలక్ష్మక్క నడిపిచ్చింది. మామ పెండ్లాం. ఎవరన్నా పలకరించేదానికి వస్తే గడప కాడే నిలబెట్టేది. లోపలికి పోయి, కాసేపుండి, బయటికొచ్చి, "ఆయన అంటాండాడు, వచ్చే అమాసకు మీరు రావాలంట, రాకుంటే నేను కూడు ముట్టను అంటాండాడు" అనేది. మంచంలో ఉన్న మనిషి మాట ఎట్ల తీసేస్తారు? దిగువింటాయప్ప వచ్చినా అదే. "ఆయన అంటాండాడు, పెద్దాయప్ప వచ్చి మొదటి ముద్ద వడ్డించాలంట." వచ్చి వడ్డించినాడు పాపా! దిగువింటాయప్ప, గరిటె పట్టుకొని! నేను చాలా ఏండ్ల తర్వాత అడిగినా ఆయమ్మను, నిజంగా ఆయన అదంతా అంటాండ్యనా అని. తమలపాకుకు సున్నం పూస్తా నవ్వింది. "ఏమనేటోడు నాయనా, నా చెయ్యి పట్టుకొని ఏడుస్తాండ్య, అంతే. ఏమీ అనలేని మనిషి ఏమనాలనుకుంటాండాడో నాకు తెలీదా" అనింది. ఆయన పట్టుదలతో కానిది ఆయమ్మ అబద్ధంతో అయ్యింది. ఏమంటావు దీన్ని? నాకింతవరకూ తెలీలేదు.

మా అమ్మ కూడా పోయింది అమాస కూటికి. నేను వద్దంటే వినలేదు. వాడు, ఆ పిల్లోడు, వరసలో వడ్డించుకుంటా వచ్చి మా అమ్మ ముందర ఆగినాడు. మజ్జిగ వాని చేతిలో ఉండ్య. మా అమ్మ తలెత్తి వాని మొహం చూసింది. ఇప్పుడు చెప్తాడేమోనని చూసింది. చెప్పలేదు. మజ్జిగ పోసినాడు, సగం కింద పోయింది. మా అమ్మ తినింది. ప్రతి అమాసకూ అంతే. వాడు పోస్తాడు, ఆయమ్మ మొహం చూస్తుంది, తింటుంది, చెయ్యి కడుక్కుంటుంది. ముసలామె అయ్యి చూపు తగ్గినాక కూడా మొహం పైకెత్తి కూచునేది, వినేదానికి. వినకుండానే పోయింది పాపా. పోయేముందు నన్ను దగ్గరికి పిలిచి, "వాడు చెప్తే నా బదులు నువ్వు విను మద్దిలేటీ" అనింది.

వాడు సుబ్బరాయుడు మామ కాడికి కూడా పోతాండ్య. ఊరంతా పనికి పోయినాక పోయి మంచం కాళ్ల కాడ కూచునేటోడు. వెంకటలక్ష్మక్క చెప్పింది. పోను పోను మామకు నాలుక తిరిగింది ఒక్క మాటకే అంట. "చె... ప్పు. చె... ప్పు." వాడు తలకాయ ఒంచుకొని... వాడు ఏమనేటోడంటే... ఏమోలే. ఏదో అనేటోడు. మర్చిపోయినా. ఎందుకు పాపా అట్ల చూస్తావు? ముసలోన్ని, నాకు మాత్రం మరుపుండదా. మామ పోయిన రోజు పాడె ముందర కొమ్ము పట్టినోడు వాడే, వెనక కొమ్ము నేను. 

రాజీ నిలబడిందా అంటావా? నిలబడింది. ఆ తర్వాత వంకలో ఎవరూ పడలేదు. వంకలో నీళ్లూ లేవనుకో. పిల్లోళ్లు చదువుకున్నారు, మీ నాయన చదువుకున్నాడు, నువ్వు ఆ ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో అంత పెద్ద అద్దాల ఆఫీసుకు పోతాండావు. ఇదంతా ఆ టెంకాయతో వచ్చిందే. లీడరు చెప్పింది నిజమైంది, ఎవరూ ఏమీ చేయలేదు, ఎవరూ ఏమీ చూడలేదు. కానీ నేను చూసిన ఒక్క మొహం ఉంది, మా అమ్మది, పైకెత్తుకున్న మొహం. దానికి ఎవరు జవాబు చెప్తారు? నేనైతే ఒక్కటే అనుకుంటా వచ్చినా ఇన్నేండ్లూ. వాడు చెప్పాల్సిందే. అందరి ముందర, వాని పిల్లోళ్లు వింటాండంగా చెప్పాల్సిందే. అప్పుడే...

అదో, లిఫ్టు వచ్చింది. మీ తాతే. ఫ్లాస్కు తెచ్చినాడే, ఈ పొద్దు మర్చిపోలేదు. రా ఓబులేసూ, రా, ఇట్ల కూచో, నీ మనవరాలికి మన ఊరి సంగతులు చెప్తాంటి. పొయ్యప్పా మజ్జిగ. ముందు నాకే పోస్తాడు చూడు పాపా, ఎప్పుడూ అంతే. చాలు చాలు, నిండా వద్దు, కింద పోతాంది. ఏంది అట్ల చూస్తావు? నేనప్పా, మద్దిలేటిని. భాగ్యమ్మ కొడుకును. ఆఁ, నాగన్న తమ్మున్ని. ఏంది? చెయ్యి ఎందుకు పట్టుకున్నావు? ఏం చెప్పాల? ఏం చెప్పాల ఓబులేసూ? ఉండు. ఉండుండు, ఒక్క నిమిషం ఉండు, ఆ మాట అట్లే పట్టుకో, వదలొద్దు. శిరీషా, చలిగాలి ఎక్కువైంది, పైకి పోయి మీ తాత శాలువా తీసకరామ్మా. నాకేమీ కాలేదు, కంట్లో తుంపర పడింది. పో, నా తల్లివి గదా. నిదానంగా రా పాపా, తొందరేమీ లేదు.